మన్ను రాలిన చప్పుడు

పోయిన నెల మా మనవరాలు హైదరాబాదులో కొత్తగా కొనుక్కున్న ఫ్లాటు చూపిస్తానని నన్ను వెంట తీసుకుపోయింది. అక్కడికి ఇంటీరియర్ డిజైనరట, ఒక కుర్రాడు ట్యాబు పట్టుకుని వచ్చాడు. అందులో బొమ్మలు ఒకటొకటి జరుపుతూ, వంటింటికీ హాలుకూ నడుమ ఉన్న గోడ తీసేస్తే ఇల్లంతా వెలుతురుగా ఉంటుందనీ, పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకు గోడే ఉండదనీ చెప్పాడు. ఆ మాట వినగానే నేను పోయి ఆ గోడకు అరచెయ్యి ఆనించాను. ఆ గోడ మీద ఏం ఆనుకుని ఉంది నాయనా అని అడిగితే, ఇది బరువు మోసే గోడ కాదు బామ్మగారూ అని నవ్వాడు. మనవరాలూ నవ్వింది. నవ్వనీ, వాళ్ళకేం తెలుసు. యాభై ఏళ్ళ కింద గోదావరిఖనిలో మా రెండు గదుల క్వార్టరులో ఇట్లాంటి గోడ మీదనే ఒక ఆదివారం మేము చెయ్యి వేశాం. ఆ రోజు జరిగిందంతా నేను ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. నా ఈడు వాళ్ళయితే అర్థం చేసుకుంటారని ఇప్పుడు రాస్తున్నాను.

డెబ్బయిలు మొదలైన కొత్త. మా ఆయన బాయిలో, అంటే బొగ్గు గనిలో, కర్ర పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆ పని. మా క్వార్టరులో ముందు ఒక గది, వెనుక ఒక వంటగది, రెంటికీ నడుమ గోడే తప్ప దర్వాజ లేదు. గదిలోంచి వంటింట్లోకి పోవాలంటే పక్క తలుపు తీసి దొడ్లోకి దిగి, చుట్టూ తిరిగి మళ్ళీ మెట్టెక్కాలి. ఆ ఇంటి నమూనా గీసిన మహానుభావుడు ఎన్నడూ వానలో అన్నం గిన్నె మోసి ఉండడని పొయ్యి ముందు కూర్చుని రోజూ అనుకునేదాన్ని. అయినా అది నాకు విసుగే గాని ఆపద కాదు. ఆపద మా అత్తమ్మ వచ్చాక మొదలైంది.

అత్తమ్మకు అప్పటికి చూపు పోయి చాలా ఏళ్ళు. కానీ ఊళ్ళో తన ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఆ సంగతి కొత్తవాళ్ళకు తెలిసేది కాదు. అది మట్టి గోడల ఇల్లు, పైన గూనపెంకులు. గోడకు నడుము ఎత్తుదాకా ఎర్రమన్ను పూత, ఆపైన సున్నం. గరుకు ఎక్కడ ఆగి నునుపు ఎక్కడ మొదలవుతుందో ఆమె వేళ్ళకు తెలుసు. దీపానికొక గూడు, ఉప్పుకొక గూడు, బట్టలకు చిలుక కొయ్యలు, నడుమ కంబం, ప్రతి గదికీ పాదానికి తగిలే ఎత్తయిన గడప. ఇప్పుడు ఆ గూళ్ళనే బొమ్మల్లో చూపించి కొత్త ఫ్యాషను అంటున్నారు గాని, ఆ కాలం వాళ్ళు చీకట్లో కూడా చెయ్యి తప్పకుండా ఉండాలని పెట్టుకున్న ఏర్పాటది. మామ పోయిన మరుసటి వానాకాలం ఆ ఇంటి వెనుక గోడ కూలి ఇల్లు పడిపోయింది. కూలకముందే అత్తమ్మ మేకను విప్పుకుని వాకిట్లోకి వచ్చి నిలబడిందట. ఎట్లా తెలిసిందని అడిగితే గోడే చెప్పిందన్నదట. ముసలామె మాటలే అని ఊళ్ళోవాళ్ళు నవ్వుకున్నారు, మేమూ నవ్వుకున్నాం.

క్వార్టరుకు వచ్చిన రోజు ఆమె నాలుగు గోడలూ ఒక చుట్టు తడిమి చూసి, "ఈ ఇంట్ల చెయ్యి ఆనేతందుకు జాగనే లేదు బిడ్డా" అన్నది. ఆ గోడలు అంత నున్నగా, బోసిగా ఉండేవి. మా ఆయన కొయ్యలు కొట్టాడు, గదికీ దొడ్డికీ నడుమ చెక్కతో గడప పెట్టాడు, నేను మంచం నుంచి తలుపుదాకా తాడు కట్టాను. అన్నీ చేసినా దొడ్లో బురదను ఏం చేస్తాం. నేను పొయ్యి దగ్గర ఒక్కదాన్నే ఉన్నానని సాయానికి వస్తూ వస్తూ ఆ వానాకాలంలో రెండుసార్లు పడింది. రెండోసారి తల మెట్టు అంచుకు కొట్టుకుంది, దవాఖానలో కుట్లు వేయించుకొచ్చాం. ఆ సాయంత్రమే మా ఆయన నడిమి గోడకు దర్వాజ తీస్తానన్నాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ మధ్య ఒక పేరంటానికి ఆఫీసర్ల బంగళాకు పోయినప్పుడు రెండు గదుల నడుమ కమాను తీరుగా ఒక దారీ, దానికి వేలాడే పూసల తెరా చూసి వచ్చాను. ఆ రంగు పూసలు చాన్నాళ్ళు నా కంటి ముందే ఊగాయి. అత్తమ్మ కోసం తొందరగా కానియ్యమని నేను ఆయన్ని పోరుతున్నప్పుడు, ఆ పోరులో నా పూసల తెర కూడా ఉంది.

వెనుక వరుసలో ఉండే మేస్త్రి చాచాను అడిగాం. ఆయన గోడను చేత్తో నిమిరి, "జల్ది చేసే పని కాదు బేటా. ముందుగాల పైన గోడ మందంల సగం తొలిచి, మీది ఇటుకలను మోసేతందుకు రాతిపట్టె ఎక్కియ్యాలె, అటెన్క కింద కొట్టాలె. నేను పెండ్లికి పోతున్న, ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం దాక ఆగు" అన్నాడు. దానికి మా ఆయన, "దినాం గుట్టనే నిలబెట్టి వస్తున్న చాచా, గీ గోడ ఎంత" అన్నాడు. చాచా తల పైకెత్తి దూలాన్ని చాలాసేపు చూసిపోయాడు.

మా ఆయన ధీమా ఉత్త ధీమా కాదు. కర్ర పని వాళ్ళకు కంటికన్నా చెవి ముఖ్యం. కట్టెతో పైకప్పు తట్టి చూస్తారు, డొల్లగా మోగితే దాని కింద నిలబడరు. పైన బరువు పెరిగితే దుంగ ముందుగా చిటచిటమంటుంది, అది విన్నవాడు బయటపడతాడు. కర్ర చెప్పకుండా కూలదు అని ఆయన ఎప్పుడూ అనేవాడు, ఆ చప్పుడు విని రెండుసార్లు ప్రాణాలతో పైకి వచ్చినవాడే. అందుకే వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. పెద్ద పనివాడు చెయ్యి లేపాడంటే దగ్గు వచ్చినా దిగమింగుకుని అందరూ ఉన్నచోటనే ఆగిపోవాలి, ఆ చెయ్యి దిగేదాకా ఎవరూ నోరు విప్పరాదు. ఒక్క మాట అడ్డం వస్తే ఆ చిటచిట వినపడదు. ఈ కట్టుబాటు ఆయనతోపాటు మా ఇంటికీ వచ్చింది. అన్నం తింటూ ఆయన చెయ్యి లేపితే నేను నమలడం ఆపేసేదాన్ని.

చాచా కోసం ఆయన ఆగలేదు. ఆదివారం సెలవు, మేము ప్లేడే అంటాం. క్వార్టరు గోడ ముట్టుకోవాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి, అది పెట్టలేదు, కాబట్టి ఒక్క రోజులో పని అయిపోవాలని పొద్దున్నే మొదలుపెట్టాడు. మా చంటిబిడ్డను పక్కింట్లో వదిలి వచ్చాను. ఊరి నుంచి బండి మీద తెప్పించిన రెండు మద్ది దుంగలను గోడకు అటొకటి ఇటొకటి నిలబెట్టి, దూలానికి ఆనించి, సందుల్లో చెక్క చీలికలు పెట్టి సుత్తితో బిగించాడు. ఇంటి కప్పంతా ఆ దూలం మీదనే ఉంది. బయట తుంపర పడుతుండడంతో అత్తమ్మను వాకిలి తలుపు పక్కన పీట మీద కూర్చోబెట్టి, మధ్యలో లేచి రాకుండా ఆమె మణికట్టు పట్టుకుని నేను పక్కనే కూర్చున్నాను. "నేను చెయ్యి లేపినంటే ఎవ్వరు నోరు తెర్వద్దు అవ్వా, బాయిల లెక్కనే" అని ఆయన ముందే చెప్పాడు.

సుత్తి, ఉలి పట్టి కొట్టాడు. సిమెంటు పూత పెచ్చులుగా రాలిపోయి లోపలి ఇటుకలు కనబడ్డాయి. ఇటుకల నడుమ ఉన్నది సిమెంటు కాదు, మట్టి. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను. చాచా వచ్చేదాకా ఆగుదాం అని అప్పుడు నేననాల్సింది. నాకేమో ఆ సందులోంచి వంటింటి వెలుతురు కనబడాలని తొందరగా ఉండింది, ఆయనకేమో అన్న మాట పోతుందని ఉండింది. ఇద్దరం ఊరుకున్నాం. మోకాలి ఎత్తు నుంచి ఛాతీ దాకా బొక్క పడ్డాక ఆయన అందులో తలా భుజాలూ దూర్చి, తన నెత్తి మీది ఇటుకలను ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టాడు. నాలుగైదు ఇటుకలు తీసి, దుంగను సుత్తి కామతో తట్టి, చెయ్యి లేపేవాడు. మేము ఊపిరి బిగబట్టేవాళ్ళం. కర్ర ఏమీ అనేది కాదు. చెయ్యి దించి మళ్ళీ లాగేవాడు. అట్లా ఎన్నిసార్లయిందో లెక్క తప్పింది.

మళ్ళీ ఒకసారి చెయ్యి లేపాడు. అత్తమ్మ తల పక్కకు వంచింది. ఏదో వింటున్నట్టు ఆమె ముఖం బిగుసుకుంది. నోరు తెరిచి ఏదో అనబోయింది. నేను ఆమె మణికట్టు గట్టిగా నొక్కాను. అయినా పెదవులు కదిలాయి. అప్పుడు నా రెండో చెయ్యి ఆమె నోటికి అడ్డం పెట్టాను. ఆయన చెవికి అడ్డం వస్తే ఆయన ప్రాణానికే ముప్పని నేను నమ్మినదాన్ని, మొగుడు చెప్పిన మాట జవదాటకుండా అత్త నోరు మూశాను. ఆమె తల విదిలించింది, నేను వదల్లేదు. నాలుగైదు ఊపిరులు పీల్చి వదిలేంతసేపు అట్లాగే పట్టుకున్నాను, ఆమె వేడి ఊపిరి నా అరచేతికి తగులుతూనే ఉంది.

వడ్లు దంచి పెరిగిన చేతులు ఆమెవి. నా రెండు చేతులనూ ఒక్క విసురుతో విడిపించుకుని లేచింది. గోడ పట్టుకోకుండా ఆ ఇంట్లో ఒక్క అడుగు వెయ్యని మనిషి గది నడుమ నుంచి నేరుగా నడిచిపోయి, వెనుక నుంచి కొడుకు బనీను దొరకబుచ్చుకుని గుంజింది. "మన్ను రాలుతాంది కొడకా, ఇవుతలికి రా." ఆయన కోపంతో, తల్లిని పక్కన నిలబెడదామని బొక్కలోంచి వెనక్కి రెండడుగులు వేసి ఆమె వైపు తిరిగాడు. అప్పుడే పైనున్న ఇటుకలన్నీ ఒక్కసారిగా, అప్పటిదాకా ఆయన తల ఉన్నచోట పడ్డాయి.

దుమ్ము తగ్గాక చూస్తే ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఆయన భుజం గీసుకుపోయింది, అత్తమ్మ కాలి వేలు నలిగింది, అంతే. దూలం కదల్లేదు. రెండు దుంగలూ చెక్కు చెదరకుండా ఉన్నాయి. అవి మోస్తున్నది దూలాన్ని, ఇటుకలను కాదు, మరి అవి ఎందుకు చప్పుడు చేస్తాయి. మా ఆయన మాత్రం ఆ దుంగలను తడుముతూ, "కర్ర ఏం చెప్పలే, అసలు ఏం చెప్పలే" అని చాలాసేపు అదే మాట అన్నాడు. గోడ కూలేముందు లోపలి మన్ను జలజలమని సన్నగా జారుతుందని, ఊళ్ళో తన ఇల్లు కూలిన రోజు కూడా అదే విన్నానని అత్తమ్మ తర్వాత చెప్పింది. ఈసారి ఎవరం నవ్వలేదు.

సాయంత్రం ఆయన తల్లి కాలికి మందు రాస్తూ ఆమె మణికట్టు మీద గోళ్ళ గాట్లు చూసి, ఇదేందవ్వా అని అడిగాడు. నేను అక్కడే నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. "ఇటుక గీసుకపోయింది తియ్యి" అన్నది అత్తమ్మ.

చాచా పెళ్ళి నుంచి రాగానే ఒక్క మాట దెప్పకుండా, తన సెలవు రోజున రాతిపట్టె ఎక్కించి, దర్వాజ కూర్చోబెట్టి, అత్తమ్మ చెయ్యి అందే ఎత్తున అటూ ఇటూ రెండు గూళ్ళు తీసిపెట్టాడు. దరఖాస్తు తర్వాత పెట్టుకుని, తిట్లు తిని, మంజూరు చేయించుకున్నాం. పూసల తెర మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

మా ఆయన పోయేదాకా నేను అత్తమ్మ నోరు మూసిన సంగతి ఆయనకు చెప్పలేదు. చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను, నాకు ధైర్యం చాలలేదు. అత్తమ్మను క్షమించమని అడుగుదామని పక్కన కూర్చుంటే ఆమె బిడ్డ పాల సంగతో, చింతపండు సంగతో తీసేది. ఇప్పటి ఇళ్ళల్లో గదికీ గదికీ నడుమ గోడలు తీసేస్తున్నారు, ఒకరు మాట్లాడుతుంటే నలుగురు అడ్డం వస్తారు, ఎవరో చెయ్యి లేపారని ఎవరూ నోరు మూసుకోరు. మా మనవరాలు మొగుడు మాట పూర్తి కాకముందే కాదంటుంది. ఒక్కోసారి ఇదేం తీరని నాకు మనసులో అనిపిస్తుంది గాని, పైకి అనను. ఎందుకంటే అత్తమ్మ ఆ గోడ కూలిన రోజు తర్వాత ఇంకా ఆరేళ్ళు మా దగ్గరే బతికింది. ఆ ఆరేళ్ళూ కొడుకు ముందు ఏదైనా చెప్పాలనుకున్నప్పుడల్లా, చూపు లేని ఆ ముఖం నేనున్న వైపు తిప్పి ఒక్క క్షణం ఆగేది. నేను "చెప్పు అత్తమ్మా" అన్నాకనే మాట్లాడేది.