నెమలినార చెట్టుకు సదర్

మా పక్కింటి బాపు మొన్న పొద్దున పోయాడు. బర్రెల పాలు పిండి, పాల క్యాను పక్కన పెట్టి, పాక వెనకున్న నెమలినార చెట్టుకు ఒరిగి కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. కంచన్‌బాగ్‌లో వెల్డింగ్ పనిలో ఉండగా నాకు ఫోను వచ్చింది. ఏడుపుకన్నా ముందు గర్వం వచ్చింది. తాను గెలిచిన చోటే పోయాడు.

నెమలినార గుట్టల చెట్టు. ఎండు అడవుల్లో, రాళ్ల సందుల్లో పుడుతుంది. చలికాలం ఆకంతా రాల్చేస్తుంది. మా బస్తీ లేవకముందు ఇక్కడున్నదీ గుట్టే. బండలన్నీ పగలగొట్టి ఇళ్లు కట్టుకున్నాం. బాపు పాక వెనక ఒక్క బండ, దాని పగులులో ఈ పొట్టి చెట్టు మిగిలాయి.

కిందటేడు చలికాలం బస్తీ పెద్దమనిషి ఒకాయన రంపం మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కారుకు జాగా కావాలి. ఆ మాట చెప్పే దమ్ము లేదు.

"చెట్టు సచ్చింది బాపూ. ఎవరి మీదనన్న పడతది."

"పాలు ఆపిన బర్రె సచ్చినట్టా? సూడి మీదుంది. ఎండాకాలం రా, సూపిస్త."

"గప్పటిదాంక ఎవరాగుతరు? రేపు కోస్తం."

నాకు ఒళ్లు మండింది. కొట్లాటకే పోబోయాను. బాపు చెయ్యి పట్టి ఆపాడు. "లొల్లి ఎందుకురా? గుడిమల్కాపూర్ పోయి బంతిపూలు తే."

తెల్లారేసరికి తన దున్నపోతుకు నూనె పట్టించి, కొమ్ములకు నెమలీకలు కట్టి, మెడనిండా దండలు వేశాడు. దీపావళి తర్వాత సదర్ పండక్కి ఊరేగించేటప్పుడు సింగారించినట్టే. తీసుకొచ్చి చెట్టుకు కట్టేశాడు. చెట్టు మొదలుకూ దండలే. రంపం వాళ్లు దూరంగానే ఆగిపోయారు.

"ఇదేంది బాపూ, సదర్ ఎప్పుడో అయిపాయె గద?" అన్నాడు పెద్దమనిషి.

"గది దున్నలకు. ఇది చెట్టుకు. నీకేమన్న తక్లీఫ్ ఉంటే దున్నకు చెప్పు."

బస్తీ అంతా పగలబడి నవ్వింది. దున్న ఒక్కసారి తల విసిరింది. పెద్దమనిషి రంపం వాళ్లను తీసుకుని మళ్లిపోయాడు. కొమ్మల చివర్లు పచ్చబడేదాకా బాపు ఆ దున్నను అక్కణ్నుంచి కదిలించలేదు. మేత, నీళ్లు, స్నానం అన్నీ ఆ చెట్టు కిందే.

మొన్న బాపు పోయిన పూట ఎండ మండిపోతోంది. శవానికి నీడ కోసం షామియానా తెద్దామన్నారు ఎవరో. అడ్డుపడింది ఆ పెద్దమనిషే. "షామియానా ఎందుకు? చెట్టు కింద మస్తు నీడుంది."

నేను ఆయన మొహంలోకే చూశాను. ఆయన తల దించుకుని పాడెకు భుజం పట్టాడు.

డప్పులు మోగాయి. దండలేసుకున్న దున్న ముందు నడిచింది. గల్లీ మలుపులో వడగాలి లేచింది. నడుమ గింజతో పలుచని కాగితపు బిళ్లల్లా ఉండే నెమలినార కాయలు ఒక్కసారిగా చెట్టును విడిచి, డప్పుల మీదుగా ఎగిరొచ్చి, పాడె మీద, దున్న వీపు మీద, మా ఇళ్ల గోడల పగుళ్లన్నిటిలో వాలాయి.