మా బావకు దక్కిన గడియారం

మా బావ పోయాడు. పోయిన ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ పక్కకు ఒరిగాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని అడిగారు. రాస్తాను. కానీ బతికున్నన్నాళ్లూ ఆయన్ను చూసి నేను కుళ్లుకున్న సంగతి దాచిపెట్టి రాయడం నాకు చేతకాదు.

బావంటే మా అక్క మొగుడు. కొల్లాపూర్ దగ్గరి మా ఊళ్లో సంస్థానం వాళ్లు బురుజు మీద పెట్టించిన పెద్ద గడియారం ఉంది. దాని బాగోగులు చూసేది మా బాపు. కొడుకును నేనుండగా ఆ గడియారం గది తాళంచెవి ఇంకెవరికి పోతుందని నా ధీమా. పెళ్లయ్యాక బావ మా గడియారాల రిపేరు దుకాణంలోనే పనికి కూర్చున్నాడు. అప్పుడే నా గుండెలో రాయి పడింది.

మోకాళ్లు మొరాయించాక బాపు చివరిసారిగా మా ఇద్దరినీ వెంటబెట్టుకుని బురుజెక్కాడు. గడియారానికి కీ ఇవ్వడమంటే పిడి తిప్పి ఇనుప గుండ్లను పైకి లాగడం. సగం నేను తిప్పాలి, సగం బావ. నేను లోలకాన్ని చేత్తో ఆపేసి, తీరుబడిగా తిప్పి, ముల్లు జరిపి టైం సరిచేశాను. బావ ముందుగా నూనె, గుడ్డ చేతికందేలా పెట్టుకున్నాడు. కీ ఇస్తున్నంతసేపూ గడియారాన్ని ఆగకుండా నడిపించే చిన్న మీట ఒకటుంది. అది నొక్కాకే పిడి పట్టాడు. మధ్యలో చిటుక్కుమంది. గంట కొట్టబోయే ముందు వచ్చే చప్పుడు అది. వెంటనే పిడి తీసేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది బావా, గంటకు దండం వెడ్తున్నవా?" అని నవ్వాను.

"దాని పని అది చేస్తాంది బామ్మర్దీ. గప్పుడు మనం జేసేది జరంతనే ఉండాలె. మిగిలిందంత ముందుగాల్నన్న చెయ్యాలె, ఎనుకనన్న చెయ్యాలె."

బాపు నా వైపు తిరిగాడు. "నీ సుకానికి ఊరి టైం ఆపుతవారా? బస్సోడు, బడోడు అందరు దీన్నే జూస్తరు. పదిమంది వాడుకునేదాన్ని ఆపనీకె నువ్వెవనివి?"

"మల్ల సరిజేసిన గద బాపూ!" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. తాళంచెవి మాత్రం అల్లుడి చేతికి పోయింది.

ఇంట్లో అన్నం తింటుండగా గంట మోగితే బావ చేతిలో ముద్ద ఆగేది. ఆఖరి దెబ్బ విన్నాకే నోట్లో పెట్టుకునేవాడు. అంగడికి మేకలు తోలుకొచ్చిన వాళ్లు నెత్తి మీద అంత పెద్ద గడియారం ఉండగా ఆయన్నే ఆపి టైం అడిగేవారు. నాకు ఒళ్లు మండేది. కీ ఇచ్చే రోజు దుకాణంలోంచి లేచి వెళ్తూ, "జర ఆసరకు వస్తవా బామ్మర్దీ?" అనేవాడు. నాకు పనుందనేవాణ్ణి. మళ్లీ వారం మళ్లీ అడిగేవాడు.

ఆయన పోయిన మర్నాడే కీ ఇవ్వాల్సిన రోజు. అక్క నన్ను పిలిపించింది. తాళంచెవి నా ముందు పెట్టింది.

"మైల తీరేదాంక మేం గడప దాటొద్దు తమ్మీ. నువ్వే ఎక్కాలె. అది ఆగితే ఆయన పానం కొట్టుకుంటది."

ఎక్కాను. మీట నొక్కి పిడి తిప్పాను. చిటుక్కుమనగానే పిడి తీసి నిలబడ్డాను. గంట కొట్టింది. ఆగాక మిగతాది తిప్పాను. గడియారం ఒక్క క్షణమైనా ఆగలేదు.

దిగుతుంటే కింద బస్సు కండక్టరు ఎవరితోనో అంటున్న మాట మెట్ల మీదికి వినిపించింది. "మనిషి పోయినా టైం తప్పలే జూడు. గాయన చెయ్యంటే గట్లుంటది."

చెమటలు కక్కుతూ తిప్పింది నేను, పేరు మళ్లీ ఆయనకే! పాత మంట భగ్గుమంది. ఇవాళ అటో ఇటో తేల్చుకుందామని, బావతో తగువు పెట్టుకోవడానికే గబగబా మెట్లు దిగాను. సగం దిగాక గుర్తొచ్చింది. గోడకు చెయ్యి ఆనించి అక్కడే ఉండిపోయాను.