సార్ ఇచ్చేసిన ఆఖరి పీరియడ్

కల్హేర్ నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి, "సార్ పోయిండటనే. పొద్దుగాల చాయ్ తాగుకుంట అట్లనే ఒరిగిండట" అంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనతో తేల్చుకోవాల్సింది ఒకటి మిగిలిపోయింది. ఇక తేలదు.

నారాయణఖేడ్‌లో మేం డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీలో ఆయన ఫిలాసఫీ చెప్పేవారు. సాయంత్రం ఆఖరి పీరియడ్, కాగిపోయే రేకుల గది, పట్టుమని పదిమంది కూడా ఉండేవాళ్ళం కాదు. సుద్దముక్క చెవి వెనక పెట్టుకుని మరిచిపోయి, జేబులన్నీ వెతుక్కునేవారు. మేం నవ్వితే "నవ్వుర్రి, నవ్వుర్రి, జర దొరకనియ్యుర్రి" అనేవారు.

ఎంత గొప్ప సిద్ధాంతమైనా సరే, దాన్ని నమ్మితే రేపటి బతుకులో ఏం మారుతుందో చెప్పమనేవారు. వ్యావహారిక సత్తావాదం, అంటే ప్రాగ్మాటిజం పాఠం అలాగే మొదలుపెట్టారు. మాదే నిజమంటే మాదే నిజమని ఒకళ్ళనొకళ్ళు చంపుకున్న అమెరికాలో, ఆ అంతర్యుద్ధం చూసి విసిగిన వాళ్ళ మధ్య పుట్టిన ఆలోచన అది అన్నారు.

"ఇప్పుడు ఎటు గాలొస్తే అటు వంగెటోన్ని ప్రాక్టికల్ మనిషంటున్నరు. గది వేరు, గిది వేరు. ఒక మాట నిజమా కాదా అన్నది దాంతోని బతికెటోళ్ళందరు కలిసి పరీక్ష చెయ్యాలె. ఒక్కడు గదిల కూసొని తేల్చేది గాదు."

ఆ రోజే ఎం.ఏ. ఫిలాసఫీ చదవాలనుకున్నాను. కంది చేలలో కూలికి వెళ్ళే మా ఇంట్లో ఆ పేరు పలికినదాన్ని నేనొక్కదాన్నే.

మా మనూర్ దిక్కు ఆఖరి బస్సు నాలుగింటికే వెళ్ళిపోయేది. మా పీరియడ్ అయ్యేసరికి షేర్ ఆటోలే గతి. ఇళ్ళల్లో భయపడి ఆడపిల్లల్ని చదువు మాన్పించడం మొదలుపెట్టారు. బస్సు ఆలస్యంగా నడపమని కాలేజీ గేటు ముందు బైఠాయించాం. సార్ కూడా మాతో నేల మీదే కూర్చున్నారు.

మర్నాడు ఆయన ఒక్కరే ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళొచ్చి, "ఇగ లేవుర్రి. ఆఖరి పీరియడ్ ఎత్తేస్తున్నరు. బస్సు అందుతది" అన్నారు.

ఆఖరి పీరియడ్ అంటే ఫిలాసఫీ.

"ఎవల్ని అడిగి ఇచ్చేసిండ్రు సార్?" అన్నాను.

"బస్సు టైం మారదు బిడ్డా. పిల్లలు ఇంట్ల కూసునుడైతే ఆగుతది గద. పనైంది."

"ఎవలకైంది సార్?"

నాకు ఒళ్ళు మండిపోయి లేచి వచ్చేశాను. కాలేజీ వాళ్ళు ఫిలాసఫీ బదులు మాతో ఇంకో సబ్జెక్టు రాయించారు. నా ఎం.ఏ. ముచ్చట అక్కడితో సరి.

ఆయన మేలు కాదనను. నాకు ఆలోచించడం వచ్చిందంటే ఆయన వల్లే. మా తర్వాత మా ఊళ్ళ ఆడపిల్లలు చదువు ఆపలేదు, అదీ ఆయన చలవే. కానీ మమ్మల్ని ఒక్క మాట అడగాల్సింది. అడిగితే మేమే ఒప్పుకునేవాళ్ళమేమో! నన్ను మోసం చేసినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. మోసాన్ని గుర్తుపట్టడం ముందుగా నేర్పి మరీ చేసింది మాత్రం ఈయనే.

నారాయణఖేడ్‌లో దహనం అయ్యాక నాలుగింటి మనూర్ బస్సెక్కాను. నిండా కాలేజీ అమ్మాయిలు. పక్కన కూర్చున్న పిల్ల నా ముఖం చూసి, "ఎవలు పోయిండ్రక్కా?" అంది. కాలేజీలో మా సార్ అని చెప్పాను.

"మా కాలేజీలనేనా? ఏం చెప్తుండె?"

"ఫిలాసఫీ."

"గదేంది?"

ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆగాను. అంతలో ఆమె ఊరొచ్చింది. జనాన్ని తోసుకుంటూ దిగి, నా కిటికీ దగ్గరికి వచ్చింది. "చెప్పకపోతివి గదక్కా" అంది. బస్సు కదిలింది. ఆ పిల్ల నా వైపే చూస్తూ కొంతదూరం బస్సు పక్కనే నడిచింది.