అత్తమ్మ దారం మీద పడ్డ నింద

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాడకంతా తెలుసు. ఆ స్కూటర్ కంపెనీకి మాత్రం తెలియదు, పాపం.

మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో మగ్గం మీద జంపఖానాలు నేస్తాం. నేసేది మా అత్తమ్మ, మా ఆయన. దుకాణాలకు చేర్చేది నేను. అందుకే కరెంటు స్కూటర్ కొన్నాం. మా ఇంటికి కొత్తగా ఏది వచ్చినా, ఫ్రిజ్ అయినా సరే, అత్తమ్మ మగ్గం మీది ఎర్ర నూలు పోగులు పేని దానికి కడుతుంది. కట్టాక ఎవరూ విప్పకూడదు, కోయకూడదు. దానంతట అదే తెగి పడాలి. స్కూటర్ హ్యాండిల్‌కూ అలాగే కట్టింది.

రెండో నెలలో కాజీపేటకు నిదానంగా పోతున్నాను. బ్రేకు ముట్టుకోకుండానే ముందు చక్రం టక్కున పట్టేసింది. ఎగిరి రోడ్డు మీద పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. దవాఖానలో పిండికట్టు వేస్తుంటే నాకు నొప్పికన్నా కోపమే ఎక్కువగా ఉంది.

అత్తమ్మను తోడు తీసుకుని షోరూంకు పోయి మేనేజర్‌ను నిలదీశాను. అతను ఒక కవరు తెచ్చి చూపించాడు. అందులో మట్టి కొట్టుకుపోయిన ఎర్ర దారపు ఉండ.

"చక్రంల ఇది చుట్టుకున్నది మేడం. మీరే బండికి దారాలు గట్టిన్రు. మా బండిల ఫాల్ట్ లేదు."

అక్కడే నిలబెట్టిన మా బండి హ్యాండిల్‌కు కట్టిన దారం అప్పటికే సగం తెగి సగమే మిగిలింది. అత్తమ్మ దాన్ని చూసింది, కవరును చూసింది. ఇంటికి వచ్చి నాకు అన్నం కలిపి తినిపిస్తూ బోరుమంది.

"నా చేతులతోనే నీ చెయ్యి ఇరగ్గొట్టిన బిడ్డా!"

"నీ దారానికి అంత బలమెక్కడిది అత్తమ్మా, ఊకో!" అని కసిరాను. వినలేదు. పక్కింటివాళ్లు కొత్త ఆటో కొని దారం కట్టమని పిలిస్తే లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ తలుపు చప్పుడు విన్నాకే నేను కేసు వేశాను. దవాఖాన ఖర్చులు రావాలి, నిజమే. కానీ తప్పు మా అత్తమ్మ దారానిది కాదని ఒక కాగితం నాకు కావాలి. "అంత పెద్ద కంపెనీతోని మనకెందుకే?" అన్నాడు మా ఆయన. "నువ్వు మగ్గం చూసుకో" అన్నాను.

మా వకీలు నెక్కొండ నుంచి రోజూ రైల్లో వచ్చే ఆవిడ. నా ధాటి చూసి మొదటి రోజే చెప్పేసింది. "కోర్టుల మీరు మాట్లాడకుండ్రి అక్కా. గదే నాకు పెద్ద సాయం."

వినియోగదారుల కమిషన్ బండిని పరీక్షించమని ఒక ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌కు అప్పగించింది. ఆయన కూడా వచ్చిన వాయిదాలో కంపెనీ వకీలు ఆ కవరు పైకెత్తి చూపించాడు. నేను పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. ఇంతలో నా వెనక నుంచి అత్తమ్మ లేచింది.

"సారూ, జర ఆ దారం ఇటియ్యిన్రి."

కమిషన్ అధ్యక్షుడు ఏమనుకున్నాడో, ఇమ్మన్నాడు. అత్తమ్మ రెండు వేళ్లతో నలిపి చూసింది.

"ఇది నూలు గాదు సారూ, ప్లాస్టిక్. మార్కెట్ల మిర్చి బస్తాలు కుట్టేది. రోడ్డు మీద ఏ చక్రానికైన సుట్టుకుంటది. అగ్గిపెట్టె ఉంటె ఇప్పుడే జూపిస్త."

నూలు కొనేటప్పుడు మోసపోకుండా మేమంతా చేసే పనే అది. పోగు అంటిస్తే నూలు బూడిదవుతుంది, ప్లాస్టిక్ కరిగి గట్టిపడుతుంది. అధ్యక్షుడు నవ్వి, ఇద్దరు వకీళ్ల ముందు చిన్న ముక్క అంటించి చూడమని ప్రొఫెసర్‌కు చెప్పాడు. వరండాలో అంటిస్తే ఆ ముక్క కరిగి నల్లటి పూసైంది. అత్తమ్మ తన కొంగు ముడిలోంచి మా ఎర్ర నూలు తీసి ఇచ్చింది. అది బూడిదై రాలింది.

"నాది గాదు బిడ్డా! నాది గాదు!" అని నన్ను పట్టుకుంది. తర్వాత బంట్రోతుకు చెప్పింది, చాయ్ అమ్మేవాడికి చెప్పింది. ఆఖరికి కంపెనీ వకీలుకు కూడా చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు.

వేడెక్కితే ముందు బ్రేకు దానంతట అదే పట్టేస్తోందని ప్రొఫెసర్ రాసిచ్చాడు. ఖర్చులు, నష్టపరిహారం, కొత్త బండి ఇవ్వాలని తీర్పు వచ్చింది. దారానికీ ప్రమాదానికీ సంబంధం లేదన్న వాక్యాన్ని అత్తమ్మ నాతో మూడుసార్లు చదివించుకుని, కాగితాన్ని దేవుడి పటం వెనక దాచింది.

కొత్త బండి వాకిట్లోకి వచ్చిన రోజు "కట్టు అత్తమ్మా" అన్నాను. ఎర్ర నూలు పేనుకుని వచ్చింది. హ్యాండిల్ దాటి వచ్చి, నా కుడి చెయ్యి పట్టుకుని మణికట్టుకు కట్టింది.

"బండి ఆగమైతె కోర్టున్నది. నీకేమన్నయితె నేనేడికి పోవాలె?"

ఏడాది దాటింది. దారం రంగు వెలిసింది, ఇంకా తెగలేదు. నేనూ కోయలేదు.