జులపాల దొర పాట

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన కొన్నేళ్లకు, ఒక వానాకాలం మొదట్లో, బెంగళూరు రహదారి పక్కనున్న ఒక ఆస్పత్రి పునరావాస విభాగంలో నన్ను సీనియర్ స్పీచ్ థెరపిస్టుగా వేశారు. స్పీచ్ థెరపిస్టు అనగానే నత్తి పోగొట్టే మనిషని చాలామంది అనుకుంటారు. నత్తి మా పనిలో ఒక భాగమే. నా సర్వీసులో ఎక్కువ కాలం పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లతోనే గడిచింది.

విభాగానికి అధిపతి నరాల వైద్యుడు. ఆయన్ని అందరం పెద్ద డాక్టరుగారు అనేవాళ్లం. ఆయన కింద కాళ్లు చేతులకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టులు, మాటకు నేను. వారానికొకసారి సమీక్ష జరిగేది. ఏ రోగికి వైద్యం కొనసాగించాలో, ఎవరిని ఇంటికి పంపాలో అక్కడే తేలేది. నా గది పై అంతస్తులో ఉండేది. దిగే విమానాలు కిటికీకి ఎదురుగా వెళ్లేవి. అవి వెళ్లేటప్పుడు వాక్యం మధ్యలో ఆపి, చప్పుడు తగ్గాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. కొద్ది రోజుల్లోనే రోగులకూ నాకూ అది అలవాటైపోయింది.

ఆ ఏడాదే జంగయ్య వచ్చాడు. మామిడిపల్లి వాడు. అరవై దాటిన వయసు. మెదడు ఎడమ వైపు రక్తనాళం మూసుకుపోయి కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. ఇలాంటివాళ్లలో కొందరికి ఎదుటివాళ్ల మాటలు బాగానే అర్థమవుతాయి. చెప్పదలచినది కూడా లోపల ఉంటుంది. దాన్ని మాటగా కట్టే చోట దెబ్బ తగలడం వల్ల అది నోటి దాకా రాదు. జంగయ్య నోట్లో మిగిలింది "ఆఁ" అన్న ఒక్క శబ్దం. అవునన్నా, కాదన్నా, కోపమొచ్చినా అదే.

ఆయన వెంట భార్య మల్లమ్మ వచ్చేది. ఆకుకూరలు, టమాటాలు పండించే కుటుంబం. మామిడిపల్లికీ శంషాబాద్‌కూ మధ్య ఇప్పుడు విమానాశ్రయం ఉంది కాబట్టి, చుట్టూ తిరిగి ఆటోలో రావాలి. అంత దూరం వచ్చినా జంగయ్య జుట్టు మాత్రం చెదిరేది కాదు. నుదుటి మీద ఎత్తుగా లేపి, వెనక్కి దువ్వి, చెంపల మీదుగా కిందికి దింపిన జుట్టు. ఒంటిచేత్తో ఆయనంతట ఆయన దువ్వుకోలేడు కదా అని అడిగితే, "నేనే దువ్వుత. లేకుంటే బయటికి రాడు" అంది మల్లమ్మ, అదేదో తన ఖర్మ అన్నట్టు.

మొదటి మూడు వారాలు ఏమీ సాగలేదు. మా పద్ధతిలో ముందు బొమ్మల కార్డులు చూపిస్తాం. చెంబు, కుర్చీ, ఆవు. రోగి పేరు చెప్పాలి. చెప్పలేకపోతే మొదటి అక్షరం అందిస్తాం. జంగయ్య పెదవులు కదిపేవాడు, మెడ నరాలు ఉబ్బేవి, "ఆఁ" అనేవాడు. కొన్నాళ్లకు కార్డులు చూడగానే ఎడమ చేత్తో బల్ల మీంచి తోసేయడం మొదలుపెట్టాడు. ఇంట్లో అన్నం సగంలో వదిలి లేచిపోతున్నాడని మల్లమ్మ చెప్పింది.

సమీక్షలో పెద్ద డాక్టరుగారు నిక్కచ్చిగానే మాట్లాడారు. నా సమయం కోసం ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారనీ, నెలాఖరుకల్లా మార్పు కనిపించకపోతే బొమ్మల పలక ఇచ్చి పంపేద్దామనీ అన్నారు. బొమ్మల పలక అంటే నీళ్లు, అన్నం, నిద్ర, మరుగుదొడ్డి బొమ్మలున్న అట్ట. కావలసిన దాని మీద వేలు పెట్టాలి. ఎంతోమందికి అది నిజంగా ఆసరా. కానీ మాట మీద ఆశ వదులుకున్నాకే దాన్ని చేతికిస్తామని అందరికీ తెలుసు. మల్లమ్మకు కూడా ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

"బొమ్మల మీద వేలు పెట్టుకుంట బతకాల్నా మేడం ఈయన?" అని అడిగింది.

మా పరీక్షల్లో ఒకటుంది. మాట రాని రోగికి కూడా అలవాటుగా నోటికొచ్చేవి కొన్ని మిగిలి ఉండవచ్చు. అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పటి పాటలు. అవి మెదడులో వేరే దారిన నడుస్తాయి. జంగయ్యకు అంకెలూ వారాలూ రాలేదు. నేను భజన పాట ఎత్తుకున్నాను, బతుకమ్మ పాట పాడించాలని చూశాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ రోజు మల్లమ్మకు తోడుగా ఖాజా అనే ఆయన వచ్చాడు. జంగయ్య ఈడువాడే, చిన్ననాటి స్నేహితుడు. గుమ్మం దగ్గర నిలబడి కాసేపు చూశాడు.

"మేడం, మావోనికి గవి ఎన్నడు రావు. జులపాల దొర పాట పెట్టున్రి" అన్నాడు.

జులపాల దొర ఎవరని అడిగితే ఖాజా చెప్పుకొచ్చాడు. కుర్రతనంలో జంగయ్య సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఒక క్లబ్బు వంటింట్లో పని చేశాడు. అక్కడ ఆంగ్లో ఇండియన్ల బ్యాండు రాక్ అండ్ రోల్ పాటలు వాయించేది. వాటిలో ఒక అమెరికా గాయకుడి పాటలంటే జంగయ్యకు ప్రాణం. క్లబ్బు గోడ మీద ఆ గాయకుడి పటం ఉండేది. ఎత్తుగా దువ్విన జుట్టు, చెంపల దాకా దిగిన జులపాలు. ఇంగ్లీషు ముక్క రాకపోయినా జంగయ్య ఆ పాటలు విని విని కంఠతా పట్టాడు. ఊరికి తిరిగొచ్చి, ఖాజాను డ్రమ్ము మీద కూర్చోబెట్టి, పెళ్లిళ్లకు బ్యాండు పెట్టాడు. బారాత్‌లో అన్ని పాటలూ అయ్యాక గిటారు మెడలో వేసుకుని ఒక ఇంగ్లీషు పాట పాడేవాడు. మామిడిపల్లి నుంచి మంఖాల్ దాకా ఆ పాట లేనిదే పెళ్లి కాదనేవాళ్లట. అసలు గాయకుడి పేరు పలకడం ఎవరికీ రాలేదు. అందుకని ఆయన జులపాల దొర అయ్యాడు, ఆయన పాట దొర పాట అయింది. ఆ తరువాత ఆ గాయకుడు పోయాడన్న సంగతి కూడా ఊళ్లో చాలామందికి తెలియదు.

ఇదంతా వింటున్నంతసేపూ జంగయ్య ఖాజా వైపే చూస్తున్నాడు. ఖాజా కుర్చీ లాక్కుని, దాని చెక్క మీద వేళ్లతో దరువెయ్యడం మొదలుపెట్టాడు. రెండు మూడు చుట్లు అయ్యేసరికి జంగయ్య ఎడమ కాలు కదిలింది. తరువాత నోరు తెరిచాడు.

పాట మొత్తం వచ్చింది. ఇంగ్లీషు మాటల అంచులు అరిగిపోయి ఉన్నాయి గానీ ఏ మాట ఏ చోట పడాలో అక్కడే పడింది. మూడు వారాలుగా "ఆఁ" తప్ప మరొకటి వినని నేను కలం పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఖాజా కళ్లు తుడుచుకున్నాడు. మల్లమ్మ మాత్రం లేచి వరండాలోకి వెళ్లిపోయింది.

వెనకే వెళ్లాను. ఆమెకు సంతోషం కలగలేదు. "నల్బయేండ్ల సంది గీ పాటతోనే పరేషాన్ అయిన మేడం. పంట కోతకొస్తే పాట, పిల్లకు జరమొస్తే పాట. ఇగ అంతా పోయి గిదే మిగిలిందా?" అంది. కాస్త ఆగి, "నన్ను పేరుతోని ఎన్నడు పిల్వలే. 'ఏమే' అనేటోడు. గదన్న అంటడేమో అని చూస్తున్న" అంది.

పెద్ద డాక్టరుగారు కూడా నా ఉత్సాహాన్ని తగ్గించారు. ఆయన చెప్పింది నిజమే. కంఠతా వచ్చిన పాట పాడటం మాట్లాడటం కాదు. ఆ పాటతో జంగయ్య మంచినీళ్లు అడగలేడు. ఒకే పాట పదేపదే పాడించి రోగికి మాట వచ్చిందని మురిసిపోయే కుటుంబాలను ఆయన చూశారు. నెలాఖరు గడువు మాత్రం ఇంకో నెల పొడిగించారు.

మా వృత్తిలో రాగంతో మాట నేర్పే పద్ధతి ఒకటి ఉంది. చిన్న వాక్యాన్ని తేలికైన రాగంలో పెడతాం. చచ్చుబడని ఎడమ చేతిని పట్టుకుని, ఒక్కో అక్షరానికి ఒక్కో తట్టు తడుతూ రోగితో కలిసి పాడతాం. తరువాత మనం గొంతు తగ్గిస్తూ వస్తాం. చివరికి రాగాన్నీ తీసేస్తే మాట మిగలాలి. నేను దొర పాట రాగం తీసుకుని, అందులో ఇంగ్లీషు మాటల బదులు "నాకు మంచినీళ్లు కావాలండి" అని పెట్టాను. నాది తెనాలి వైపు. నా నోటికి సహజంగా వచ్చే వాక్యం అది.

జంగయ్య వారం రోజులు దానితో కుస్తీ పట్టాడు. "నాకు" దగ్గరే పడిపోయేవాడు. పడగానే పాత ఇంగ్లీషు మాటల్లోకి జారిపోయేవాడు. నాకూ విసుగొచ్చింది. ఒక రోజు మల్లమ్మ మూలన కూర్చుని వింటూ, "మా ఇంట్ల గట్లెవరంటరు మేడం? జర నీళ్లియ్యి అంటం" అంది.

ఆ వాక్యం రాగంలో పెట్టి చూశాను. ఇంగ్లీషు పాటలో దరువు గట్టిగా పడే చోటే "నీళ్లి" అన్న ముక్క పడింది. జంగయ్య రెండో రోజుకల్లా "జర" అన్నాడు. ఆ వారం చివరికి నా గొంతు తోడుగా ఉంటే వాక్యం మొత్తం అన్నాడు. అప్పుడు మల్లమ్మను అడిగాను, ఇంట్లో రోజూ ఈ సాధన చేయించాలనీ, ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని ఆమే పాడాలనీ.

"నేను గా పాట పాడాల్నా?" అంది.

"మీరు పాడితేనే అవుతుంది" అన్నాను.

ఒప్పుకుంది. ఎలా పాడిందో ఊరంతా చెప్పుకున్నారని ఖాజా తరువాత నవ్వుతూ చెప్పాడు. పొద్దున తోటలో ఆకుకూర కోసేటప్పుడు కూడా రాగం మరిచిపోకుండా కూనిరాగం తీసుకునేదట. మాటలన్నీ తన ఇంటివే పెట్టుకుంది. జర నీళ్లియ్యి. అన్నం తింట. బయటికి పోదాం. కాలు నొస్తున్నది. నేను అల్లిన వాక్యాలు పక్కన పెట్టి ఆమెవే వాడుకున్నాను.

పొడిగించిన నెల దగ్గర పడుతుండగా సమీక్షకు ముందు రోజు ఇద్దరూ వచ్చారు. మల్లమ్మ ఆయన చెయ్యి పట్టుకుని పాడటం మొదలుపెట్టింది. ఆమె గొంతు బాగానే ఉంటుంది గానీ రాగం రెండో మలుపులో పైకి వెళ్లాల్సిన చోట కిందికి దించేసింది. జంగయ్య నొసలు చిట్లించాడు. ఆమె మళ్లీ అదే తప్పు చేసింది. జంగయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"గట్ల కాదు" అన్నాడు. ఒక విమానం వచ్చి వెళ్లింది. అది పోయేదాకా ఆగి, "గిట్ల" అని, ఆ మలుపు తాను పాడి చూపించాడు.

అది నేర్పిన వాక్యం కాదు. రాగంలో పెట్టినదీ కాదు. ఆయన అనుకుని, ఆయన అన్న మాట. ఆ సంగతి నాకు అర్థమయ్యేలోపే మల్లమ్మకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ నవ్వుతోనే ఏడ్చింది. "సూడున్రి మేడం, మాట రాంగనే వంకలు వెట్టుడు షురూ చేసిండు" అంది. జంగయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తాను మాట్లాడానని ఆయనకు మెల్లగా తెలిసొచ్చింది. ఆ ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది.

మర్నాడు పెద్ద డాక్టరుగారు స్వయంగా వచ్చి చూశారు. ఎక్కడ నొప్పి అని అడిగితే జంగయ్య కాసేపు వేళ్లతో తొడ మీద దరువేసుకుని "కాలు... నొస్తున్నది" అన్నాడు. డాక్టరుగారు బొమ్మల పలక ఊసెత్తలేదు. మరో ఆరు నెలలు వైద్యం కొనసాగించమని రాశారు.

జంగయ్య పూర్తిగా కోలుకోలేదు. రెండు మూడు మాటల వాక్యాల దగ్గరే ఆగిపోయాడు. తొందరపడితే మళ్లీ "ఆఁ" లోకి వెళ్లిపోయేవాడు. కుడి చేతికి గిటారు అందలేదు. అయినా బ్యాండు వాళ్లు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టుకుని సాధన చేసేవాళ్లు. తప్పు వాయిస్తే "గట్ల కాదు" అనేవాడు. దసరా దాటాక ఒక రోజు, ఆటో దిగుతుంటే కాలు జారబోయి, ముందు నడుస్తున్న మల్లమ్మను "ఏమే" అని పిలిచాడట. ఆమె ఆ సంగతి నాకు ఎంతో మామూలుగా చెప్పింది. చెప్పడానికే ఆ రోజు వచ్చిందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ వారం వాళ్లు రావలసిన పని లేదు.

ఆ తరువాత వచ్చిన ప్రతి రోగి విషయంలో, ఉద్యోగం మానేసే దాకా, మారిన పద్ధతే పాటించాను. బొమ్మల కార్డులు బయటికి తీసే ముందు ఇంటివాళ్లతో కూర్చుని, ఈయనకు వయసులో ఉన్నప్పుడు దేని మీద మనసు పడిందని అడిగేదాన్ని. పాటా, ఆటా, నాటకమా, బేరమా అని. నేర్పే వాక్యాలు నేను అల్లడం మానేసి, వాళ్ల ఇంట్లో ఎలా అంటారో అలాగే తీసుకునేదాన్ని. నా దగ్గర శిక్షణకు వచ్చినవాళ్లకు కూడా అదే చెప్పాను. మాట పోయిన మనిషిలో ఏం మిగిలిందో వెతికేటప్పుడు మాతృభాష దగ్గరే ఆగిపోతాం. కొందరిలో చివరిదాకా నిలిచేది పుట్టుకతో వచ్చింది కాదు, అర్థం తెలియకపోయినా ఇష్టపడి నేర్చుకున్నది. అక్కణ్ణుంచి మొదలుపెడితే ఇంటి మాట దాకా రావచ్చు.