వాల్వు గడి

బస్సు వంతెన దాటుతూనే టైరు పేలింది. అప్పటికి గంట నుంచీ నా ఒళ్లో ఒక పరాయి రిజిస్టరు ఉంది, దిండంత లావుది. పక్క సీటావిడ "కాస్త పట్టుకోండి అన్నయ్యగారూ, దీన్ని కింద పెట్టలేను" అని నా ఒళ్లో పెట్టి, తన ఒళ్లో ఇంకోటి పెట్టుకుంది. పొట్లం కట్టిన కాయితం కూడా విప్పి చదివిన తరం మాది. అడక్కుండానే తెరిచాను. ఆవిడా ఏమనుకోలేదు, పైగా కథంతా చెప్పింది.

మున్సిపాలిటీలో నీళ్ల ఫిర్యాదుల గుమాస్తా. ఊళ్లో వాల్వులమ్మ అంటారట. కుళాయి రావట్లేదని ఎవరైనా వస్తే, ఇంటి నంబరు వినగానే ఏ వాల్వు తిప్పాలో ఫిట్టరుకు చెప్పేస్తుంది. ఆ ఊళ్లో ఇళ్లకు కట్టిన వరసలో నంబర్లు వేశారు. ఏడు పక్కన నలభై ఉంటుంది. నంబరు చూస్తే దారి తెలియదు, ఆవిణ్ణి అడిగితేనే తెలుస్తుంది. రిజిస్టరులో 'వాల్వు' అని ఒక గడి ఉంది. తెలిసినదాన్ని రాసుకోవడమేమిటని ఇరవై రెండేళ్లుగా ఆవిడ దాన్ని నింపనే లేదు.

ఇప్పుడు ఆఫీసంతా కంప్యూటర్లలోకి మారుస్తున్నారు. ప్రణాళిక వేసే ఇంజినీరు పాత రిజిస్టర్లు తిరగేసి, ఎవరూ వాడని గడులన్నీ కొత్త పట్టికలోంచి కొట్టేశాడు. వాటితో వాల్వు గడీ పోయింది. ఈవిడ వెళ్లి అడిగింది.

"ఖాళీ గడికి చోటెందుకమ్మా?"

"ఖాళీ కాదు సార్, నా బుర్రలో ఉంది."

"రెండేళ్లలో రిటైరవుతారుగా. బుర్ర ఇక్కడే వదిలి వెళ్తారా?"

నిజం గనక ఆ మాట మరీ గుచ్చుకుంది. నలభై రోజులు మధ్యాహ్నం తిండి మానుకుని, పద్నాలుగు వందల ఇళ్లకూ వాల్వు రాసింది. 'తొమ్మిదో వాల్వు, సందు మొదట్లో, సైకిలు షాపు మెట్టు కింద.' ఎన్నో ఊళ్ల గ్రంథాలయాల్లో కూర్చున్నాను. తాము రాసేది ఇంత క్షుణ్ణంగా తెలిసి రాసినవాళ్లు తక్కువ.

ఆరోజు పదకొండింటికి పెద్దాఫీసులో ప్రణాళికకు సంతకాలు. గడి లేకుండా పడితే, ఆవిడ రిటైరయ్యాక ఎవరింట్లో నీళ్లాగినా వీధంతా తవ్వుకోవాల్సిందే.

టైరు విప్పుతుండగా ఆవిడ ఫోను మోగింది. ఇంజినీరే. ఆ గొంతు నాకూ వినబడుతోంది.

"మీరు రావద్దమ్మా. లిస్టులో మీ పేరు లేదు. వచ్చే ఏడు చూద్దాం."

"గడీ లేదు, పేరూ లేదు. రెండూ కలిపి రాయించుకుందామనే వస్తున్నా బాబూ."

"లోపలికి రానివ్వరు."

"కిటికీ దగ్గర నిలబడి పద్నాలుగు వందలూ పైకి చదువుతా. నా గొంతు ఎంత దూరం వినబడుతుందో ఫిట్టర్లనడుగు."

ఫోను సంచిలో పడేసింది. ఇంకో అరగంట పడుతుందన్నాడు కండక్టరు. అప్పటికి పదీ ఇరవై. పెద్దాఫీసుకు ఇంకా రెండు కిలోమీటర్లుంది. పింఛను ముందు పెట్టుకుని పెద్దవాళ్లతో తగువెందుకమ్మా, ఇంకో బస్సొస్తుంది కూర్చోమన్నాను.

"కొట్టేసింది వాళ్లే అన్నయ్యగారూ. ఖాళీగా వదిలింది మాత్రం నేను. నా తప్పు దిద్దుకోడానికి వాళ్ల లిస్టులో పేరుండాలా?"

నా ఒళ్లోంచి రిజిస్టరు లాక్కుంది. రెండూ కలిపి నీళ్ల బిందెలా చంకనెత్తుకుని, బస్సు దిగి, రోడ్డు పట్టి నడిచింది. వెళ్లొస్తానని కూడా అనలేదు. నేనప్పటికి ఆరువందల పన్నెండో ఇంటి దగ్గరున్నాను. దాని వాల్వు ఎక్కడో ఇంకా చదవలేదు.