బావమరిది ఊదిన ఊపిరి

గనిలో అతన్ని అందరూ కొలిమితిత్తి అనేవాళ్లు. ఏటా జరిగే ఊపిరి పరీక్షలో గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడంటే ముల్లు చివరిదాకా పోయి కొట్టుకునేది మరి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కూడా నోరెళ్లబెట్టి చూసేవాళ్లు. నిజానికి ఊదింది అతను కాదు, పెళ్లి బ్యాండులో బాకా వాయించే బావమరిది.

తొమ్మిదేళ్ల కిందట, పరీక్ష ఇంకో వారం ఉందనగా, రెండు బకెట్ల నీళ్లు మేడమీదికి మోస్తూ అతను మెట్ల మీదే కూలబడ్డాడు. బొగ్గుపొడి ఛాతీలో చేరిందని అప్పుడే అర్థమైపోయింది. పరీక్ష తప్పినవాణ్ణి గనిలోకి దిగనివ్వరు. ఇంట్లో ఎదిగే పిల్లలు ఇద్దరు. ఆ పరీక్ష షిఫ్టు దిగే వేళకి గని ముఖద్వారం దగ్గరే పెడతారు. పైకొచ్చిన వాళ్లవన్నీ మసిమొహాలే, కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. బావమరిది మొహానికి ఇంత బొగ్గు పులుముకుని, బావ టోపీ నెత్తిన పెట్టుకుని వరసలో నిలబడ్డాడు.

ఇంటికొచ్చి, "కాస్త తగ్గించి ఊదాల్సింది బావా, అలవాటు కొద్దీ ఊదేశాను" అంటే భార్యతో సహా ముగ్గురూ కడుపుబ్బ నవ్వారు. ఆ తర్వాత అది ఏటా జరిగే తంతు అయిపోయింది.

అప్పుడు నవ్వినంతా ఇప్పుడు ఏడవాల్సి వచ్చింది. బొగ్గు కాల్చడం మానేస్తున్నామని గని మూసేశారు. పొగ తగ్గితే లోకానికి మంచిదేనని అతనూ ఒప్పుకున్నాడు. ఆ సంగతి అతని ఛాతీకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? గుట్ట మీద వరసగా గాలిమరలు లేచాయి. ఛాతీ చెడినట్టు కాగితాల్లో ఉన్నవాళ్లకి ఆస్పత్రి వైద్యం, కూర్చుని చేసే పని. గట్టివాళ్లకి గాలిమర స్తంభాలెక్కే పని. కాగితాల ప్రకారం అతనంత గట్టివాడు చుట్టుపక్కల లేడు. జాబితాలో మొదటి పేరు అతనిదే. పెళ్లిళ్లలో బాకా మోతకు గిరాకీ పోయిన బావమరిదికి ఆ గాలిమరల దగ్గరే గేటు కాపలా పని దొరికింది.

"మళ్లీ పరీక్ష చెయ్యమని అడగండి. ఉన్నదేగా చూపిస్తారు, ఇందులో మోసమేముంది?" అంది భార్య.

అడిగాడు. ఈసారి సబ్బుతో తోముకున్న మొహంతో తెల్లటి గదిలో కూర్చుని తనే ఊదాడు. ముల్లు కాస్త కదిలి పడిపోయింది. డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసింది.

"ఏంటి పెద్దాయనా ఇది? పోయినేడాది ముల్లు చివరిదాకా వెళ్లిందే! గని మూశారో లేదో, అందరికీ దగ్గొచ్చేసింది. నాటకాలు ఆపి గట్టిగా ఊదండి."

మళ్లీ ఊదాడు. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. తోడొచ్చి తలుపు దగ్గర నిలబడ్డ బావమరిది బుగ్గలు వాటంతటవే పొంగాయి.

"ఛాతీ ఫొటో తీయించండమ్మా" అన్నాడు ఆయాసపడుతూ.

"ఆ మిషను పట్నంలో ఉంది. ఇక్కడ తప్పినవాళ్లనే అక్కడికి పంపుతాం." కావాలనే సరిగా ఊదలేదని రాసి, ముద్ర కొట్టి ఇచ్చేసింది.

బయటికి రాగానే బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. "బావా, లోపలికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను."

"నోర్మూసుకో. నా బదులు నువ్వు ఊదావని తెలిస్తే నీ గేటు పనీ ఊడుతుంది. రేపు నాకేదన్నా అయితే మీ అక్కకి నువ్వన్నా ఉండాలి కదరా!"

బావమరిది నడిరోడ్డు మీదే భోరుమన్నాడు. నవ్వులపాలవుతామని అతన్ని గోడవారకు లాక్కుపోయాడు కొలిమితిత్తి.

సోమవారం పొద్దున స్తంభం లోపలి నిచ్చెన ఎక్కాడు. పన్నెండో మెట్టు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. రెండు చేతులా మెట్టును కరుచుకున్నాడు. నడుముకి బెల్టు కట్టి ఉంది కాబట్టి పడిపోలేదు. కింద తోటి పనివాళ్లు గొల్లున నవ్వారు.

"ఏం కొలిమితిత్తీ, మమ్మల్ని ఆట పట్టిస్తున్నావా? ఎక్కవయ్యా బాబూ!"

ఆట కాదురా అని చెప్పబోయాడు. ఆ రెండు ముక్కలకీ ఊపిరి చాలలేదు.